పడవ పట్టుకోవచ్చు

ఈ కథలో దుర్మార్గులు లేరు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. కోడలి కథ అనగానే అత్తగారు ఎక్కడ, మొగుడు ఎక్కడ అని కళ్లెర్రజేసి వెతికే అలవాటు మనకుంది. ఇక్కడ అత్తగారు మంచావిడ. భర్త మంచివాడు. కూతురు బుద్ధిమంతురాలు. ఇంతమంది మంచివాళ్ల మధ్య ఒక మనిషి చెయ్యి ఎలా మొద్దుబారిపోయిందో చెప్పాలని నా ప్రయత్నం.

తెల్లవారుతోంది. వంటింటి గట్టు మీద ఒక తువ్వాలు పరిచి ఉంది. దాని మీద వరుసగా భోజనం డబ్బాలు, పక్కనే వాటి మూతలు, చెంచాలు, కూతురి నీళ్ల సీసా, అత్తగారి మాత్రల అట్ట. ఇలా పరచుకోవడం ఈ ఇంటి కోడలు చెరువు దగ్గర నేర్చుకుంది. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసే పోటీని ట్రయథ్లాన్ అంటారు. నీళ్లలోంచి వచ్చినవాళ్లు తడి ఒంటితోనే సైకిలెక్కాలి. సైకిలు దిగి బూట్లు మార్చుకుని పరిగెత్తాలి. ఆ మారే చోట ఎవరి తువ్వాలు వాళ్లు నేల మీద పరిచి, ఏది ముందు కావాలో అది ముందు పెట్టుకుంటారు. వెతుక్కునే పని ఉండకూడదు. పోటీకి పనికొచ్చే ఆ కిటుకు వంటింటికి ఇంకా బాగా పనికొచ్చింది. ఆమె ఈతకు వెళ్లేలోపు ఇల్లు మొత్తం ఆ తువ్వాలు మీద సిద్ధంగా ఉండేది.

ఆ ఉదయం మాత్రల అట్ట దగ్గర ఆమె ఆగింది. అట్ట వెనక నొక్కితే మాత్ర బయటికి రావాలి. కుడిచేతి బొటనవేలు నొక్కుతోందో లేదో ఆమెకే తెలియలేదు. హాల్లోకి ఒకసారి తొంగిచూసింది. అత్తగారు పక్కింటావిడతో మాట్లాడుతోంది. ఆమె గబుక్కున అట్టను పంటితో కొరికి, మాత్రను తీసి గిన్నెలో వేసింది. డబ్బా మూతలు ఎడమ అరచేత్తో అదిమి మూసింది. కిందపడ్డ చెంచాను తీసి కడిగి మళ్లీ పెట్టింది.

హాల్లో అత్తగారి గొంతు గర్వంగా వినిపిస్తూనే ఉంది. కోడలు ఈత కొడుతుందట, సైకిలు తొక్కుతుందట, పరిగెడుతుందట, అయినా ఇంట్లో ఒక్క పని ఆగదట. మొదట్లో ఒక్కసారి తప్ప మళ్లీ కాలు నొప్పి అనిగానీ, ఒళ్లు నొప్పి అనిగానీ ఒక్కమాట అనలేదట. పక్కింటావిడ ముక్కున వేలేసుకుంది. ఆ పొగడ్త ఆమెకు వంటింట్లో వినిపించింది. సంతోషం కలగలేదు, విసుగూ కలగలేదు. చీమ కుట్టినట్టు కూడా లేదు.

మేజోళ్లు వేసుకుని గదిలోంచి వచ్చిన మనవరాలిని నానమ్మ ఆటపట్టించింది. తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల బడిలో పరుగుపందెం జట్టులో ఉంది. ఈ మధ్య ఇంట్లో కూడా మేజోళ్లు తీయడం లేదు. నిద్రలో కూడా పరుగుపందేలేనా తల్లీ అని నానమ్మ నవ్వింది. పిల్ల కూడా నవ్వి, సీసా తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె ఈ దారిలో పడడమే తమాషాగా జరిగింది. కూతురికి ఈత నేర్పిద్దామని తీసుకెళ్లింది. పిల్ల నీళ్లను చూసి నాలుగు రోజుల్లో మొరాయించింది. కట్టిన రుసుము వృథా పోతుందని తల్లి దిగింది. దిగినదానికి బయటికి రాబుద్ధి కాలేదు. పనిచేసే ఆసుపత్రిలో రోగుల గోల, ఇంట్లో టీవీ గోల, రోడ్డు మీద హారన్ల గోల అన్నీ తల నీళ్లలో మునగగానే ఆగిపోయేవి. అక్కడ ఆమెను ఎవరూ పిలవలేరు. ఈత నుంచి ఊరి చివరి పెద్ద చెరువుకూ, చెరువు నుంచి సైకిలుకూ, సైకిలు నుంచి పరుగుకూ ఆమె ఒక్కో మెట్టే ఎక్కింది. బ్యాంకు మేనేజరు, మందుల కంపెనీ ఏజెంటు, కాలేజీ లెక్చరరు అంటూ ఒక పదిమంది ఉన్న బృందంలో చేరింది.

చేరే ముందు భర్తతో చెప్పింది. ఆయన కరెంటు ఆఫీసులో గుమాస్తా. పేపరు మడిచి పక్కన పెట్టి, ఆలోచించే అన్నాడు.

"ఇంట్లో దేనికీ ఇబ్బంది రానంతవరకు నాకేం అభ్యంతరం? హాయిగా వెళ్లు."

ఆమె తోటి ఉద్యోగులు ఆ మాట విని, ఈ రోజుల్లో అలా అనే మగవాళ్లు ఎందరని మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. కానీ ఆ వాక్యంలోని మొదటి సగాన్ని ఆమె తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆ మాట అన్న మనిషి కూడా మర్చిపోయాడు.

పాఠకులు ఒక చిన్న విషయం గమనించాలి. అంతకు కొన్నాళ్ల ముందు పొయ్యి దగ్గర ఆమె మణికట్టు కాలింది. అత్తగారు పరుగున వచ్చి తానే మందు రాసింది. భర్త ఆ పూట బయటి నుంచి భోజనం తెచ్చాడు. వంట మానేయమని ఎవరూ అనలేదు. తరవాత పరుగులో మోకాలు పట్టేసింది. అప్పుడూ అందరూ ప్రేమగానే చూశారు. "ఎందుకమ్మా లేనిపోని తంటా, మానేయరాదూ" అంది అత్తగారు. "నీ ఆరోగ్యం కన్నా ఎక్కువా? వదిలెయ్" అన్నాడు భర్త. రెండూ నొప్పులే. వంటింట్లో వచ్చినదానికి మందు దొరికింది, రోడ్డు మీద వచ్చినదానికి సలహా దొరికింది. ఆ రోజు నుంచి ఆమె మోకాలు నొప్పి ఎవరికీ వినిపించలేదు.

సైకిలు కూడా ఆమెది కాదు. మరిది కొన్నాళ్లు వాడి పక్కన పెట్టినది. పొడుగాటి మనిషి కొలతకు చేసిన సైకిలు. హ్యాండిలు అందుకోవాలంటే ఆమె ముందుకు సాగిలపడాలి. అప్పుడు ఒంటి బరువంతా అరచేతుల మీద, మణికట్టు దగ్గర పడేది. సైకిలు షాపతను చూసి, హ్యాండిలు దగ్గరికి జరపాలమ్మా, చిన్న ముక్క మారిస్తే చాలు అన్నాడు. ఆమె నవ్వి, ప్రాబ్లం ఏమీ లేదంది. మార్చాలంటే మరిదిని అడగాలి. అడిగితే ఎందుకని అంటాడు. చేతులు లాగుతున్నాయని చెప్పాలి. ఆ మాట ఇంటికి చేరుతుంది. చేరితే ఏమంటారో ఆమెకు తెలుసు. అందుకని సైకిలును మార్చకుండా తన ఒంటినే సాగదీసుకుంది.

ప్రతిదానికీ ప్రాబ్లం లేదు, ప్రాబ్లం లేదు అనడం విని బృందంవాళ్లు ఆమెకు 'నో ప్రాబ్లం మేడం' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు నచ్చింది కూడా.

బృందానికి పెద్దదిక్కు ఒక రిటైరైన డ్రిల్లు టీచరు. తల నెరిసినా నడుం వంగలేదు. ఈత రోజుల్లో చిన్న పడవ వేసుకుని అందరి పక్కనా తెడ్డు వేస్తూ తిరిగేది. కొత్తవాళ్లకు మొట్టమొదట చెప్పేది ఈత గురించి కాదు. "ఆయాసం వచ్చినా, కాలు పట్టేసినా, భయం వేసినా చెయ్యెత్తండి. నేను వస్తాను. పడవ పట్టుకుని ఎంతసేపైనా ఊపిరి తీసుకోండి. పడవ మిమ్మల్ని ముందుకు లాగకపోతే చాలు. పోటీలో కూడా ఇదే రూలు. పడవ పట్టుకున్నందుకు ఎవరినీ తీసేయరు."

ఆ రూలును అందరికన్నా ఎక్కువ వాడుకున్నది బ్యాంకు మేనేజరు. చెరువు సగం దాటగానే చెయ్యెత్తేవాడు. పడవ పట్టుకుని రెండు జోకులు వేసి, మళ్లీ ఈదుకుంటూ పోయేవాడు. సిగ్గుపడినట్టు ఎప్పుడూ కనిపించలేదు. నో ప్రాబ్లం మేడం మాత్రం ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు.

ఇక ఆమె ఉద్యోగం సంగతి. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే టెక్నీషియన్. చిన్న గది. ఒక కుర్చీ, చెయ్యి ఆనించడానికి మెత్తటి బల్ల, సూదులు, రంగు రంగు మూతల గొట్టాలు. రక్తం తీయడం కంటితో చేసే పని అనుకుంటారు. కాదు. పట్టీ బిగించి మోచేతి మడతలో చూపుడువేలు ఆనించాలి. మెల్లగా నొక్కి వదిలితే లోపలి రక్తనాళం వేలిని పైకి నెడుతుంది. ఆ నెట్టడం ఎక్కడ తగిలిందో అక్కడే సూది. ఆమె వేలికి అది వెన్నతో పెట్టిన విద్య. చిన్నపిల్లలకూ, మందులు ఎక్కి ఎక్కి చేతులు గట్టిపడ్డవాళ్లకూ ఆమెనే పిలిచేవారు.

మొదట వేలి చివర తిమ్మిరెక్కింది. కొత్తగా వచ్చిన చేతి తొడుగులు మందంగా ఉన్నాయని సర్దిచెప్పుకుంది. తరవాత ఎడమచేతి వేలితో వెతకడం మొదలుపెట్టింది. తరవాత కంటికి కనిపించేదాన్నే నమ్ముకుంది. పొద్దున్నే నిద్ర లేచి చేతిని విదిలించుకుంటే కాసేపు బాగుండేది. ఆ కాసేపు కూడా రోజురోజుకూ తగ్గిపోయింది. పైన రెండో అంతస్తులోనే నరాల డాక్టరు గది ఉంది. ఆ మెట్లు ఆమె రోజూ చూసేది. ఎక్కలేదు. తన మొదటి పోటీ దగ్గర పడుతోంది. అది అయ్యాక చూసుకుందాం అనుకుంది.

నెలనెలా షుగరు పరీక్షకు ఒక పెద్దాయన వచ్చేవాడు. ఒకప్పుడు బస్సు కండక్టరు. ఆయన రక్తనాళాలు సన్నగా, చర్మం కింద జారిపోతూ ఉంటాయి. ఆమె డ్యూటీలో లేకపోతే తిరిగి వెళ్లిపోయేవాడు తప్ప ఇంకొకరికి చెయ్యి ఇచ్చేవాడు కాదు. ఆ అమ్మాయి గుచ్చితే తెలియదు అని వరుసలో కూర్చున్నవాళ్లందరికీ చెప్పేవాడు.

ఆ నెల ఆయన వచ్చి, ధీమాగా చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. ఆమె సూది పెట్టింది. రక్తం రాలేదు. కొంచెం పక్కకు జరిపింది. రాలేదు. మళ్లీ పొడిచింది. చర్మం కింద నల్లగా ఉబ్బడం మొదలైంది. పెద్దాయన పళ్లు బిగించి గోడవైపు చూశాడు. చివరికి ఆమె రెండో చేతి నుంచి తీసింది.

దూది అదిమిపట్టుకుని లేస్తూ ఆయనే ఆమెను ఓదార్చాడు. "నీ తప్పేం లేదు తల్లీ. ముసలి చెయ్యి కదా, నా నరాలే మంచివి కావు."

ఆమె తల ఊపింది. తరవాతి టోకెన్ పిలిచింది. మామూలుగా అయితే ఆ రోజంతా ఆ నల్లటి ఉబ్బు కళ్ల ముందు కదలాలి. అలా జరగలేదు. ఆమెకు బాధ కలగలేదు. వేళ్ల దగ్గర మొదలైన మొద్దుతనం ఎక్కడిదాకా పాకిందో ఆ రోజు ఆమెకు లీలగా అర్థమైంది. నొప్పి లేదని చెప్పి చెప్పి, నొప్పి ఒక్కటే పోతుందనుకుంది. దాంతోపాటు తక్కినవీ పోతున్నాయి.

ఆదివారం ఉదయం బృందం చెరువు దాటే సాధన చేసింది. గాలికి నీళ్లు కాస్త రేగి ఉన్నాయి. సగం దాటాక ఆమె కుడిచెయ్యి నీటిని పట్టడం మానేసింది. ఈతలో అరచెయ్యి నీటిని వెనక్కి నెట్టాలి. ఆ నీరు చేతికి బరువుగా తగలాలి. ఆమెకు ఏమీ తగలడం లేదు. గాలిలో చెయ్యి ఊపినట్టుంది. ఒక అల నోట్లోకి కొట్టింది. దగ్గు వచ్చింది. ఇంకొన్ని నీళ్లు మింగింది. పడవ పిలిస్తే పలికేంత దూరంలోనే ఉంది. ఆమె చెయ్యెత్తలేదు. వెల్లకిలా తిరిగి, ఆకాశం వైపు చూస్తూ, కాళ్లతో తన్నుకుంటూ కదిలింది.

చెయ్యెత్తకపోయినా పడవ వచ్చింది. డ్రిల్లు టీచరమ్మ తెడ్డు ఆపి, పట్టుకోమంది. ఆమె అలవాటుగా ప్రాబ్లం లేదు టీచర్ అంది. టీచరమ్మ గొంతు పెంచకుండా మళ్లీ పట్టుకోమంది. ఆమె కుడిచేత్తో పడవ అంచు పట్టుకుంది. వేళ్లు జారిపోయాయి. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారాయి. అప్పుడు ఎడమచేత్తో తాడు అందుకుంది.

టీచరమ్మ ఆమె కుడిచేతిని పడవలోకి లాగి, కళ్లు మూసుకోమంది. మెడలోని ఈలతో పాటు వేలాడే చిన్న తాళంచెవిని విప్పి, ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టింది.

"ఏముంది చేతిలో?"

"ఏదో ఉంది."

"సరిగ్గా తడిమి చెప్పు."

"సన్నగా... ఈలేనా?"

"కళ్లు తెరువు."

చెయ్యి ఖాళీగా ఉంది. తాళంచెవి ఎప్పుడో జారి పడవ అడుగున పడింది. పడిన సంగతి ఆమెకు తెలియలేదు.

ఎన్నాళ్ల నుంచి అని టీచరమ్మ అడిగింది. ఆమె సరిగ్గా చెప్పలేకపోయింది. ఎవరికి చెప్పావంటే, ఎవరికీ లేదంది. ఎందుకు చెప్పలేదని అడిగినప్పుడు మాత్రం ఆమె ముఖం కొంచెం కదిలింది.

"చెబితే మానేయమంటారు టీచర్."

టీచరమ్మ ఉపన్యాసం ఇవ్వలేదు. పోటీకి ఈసారి నిన్ను నీళ్లలోకి దించను, రేపే డాక్టరు దగ్గరికి వెళ్లు అని మాత్రం చెప్పి, ఆమె ఊపిరి కుదుటపడేవరకు పడవను కదలకుండా నిలిపింది. ఆమె బృందంలో చేరాక పడవ పట్టుకోవడం అదే మొదటిసారి. అదీ తాను అడగకుండా.

మర్నాడు ఆమె ఆ మెట్లెక్కింది. డాక్టరు ఆమె మణికట్టు మీద వేలితో తట్టి, వేళ్లను దూదితో రాసి, యంత్రంతో పరీక్ష చేయించాడు. బొటనవేలి పక్క కండ పలచబడడం చూపించాడు. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందన్నాడు. "మొదట్లో వచ్చి ఉంటే సైకిలు సరిచేసుకుని, కొన్నాళ్లు పట్టీ కట్టుకుంటే సరిపోయేదమ్మా. ఈ మెట్ల కిందే కదా నీ గది?" ఇప్పుడు చిన్న ఆపరేషను కావాలి. స్పర్శ మెల్లగా వస్తుందట, మొత్తం వస్తుందో రాదో చెప్పలేడట. అంతవరకు సూది పట్టుకోకూడదు. ఆమె సరేనంది. ఆ సరే అనడంలో కూడా ఏమీ లేదు.

కిందికి దిగేసరికి పెద్దాయన రిపోర్టు తీసుకోవడానికి వరండాలో కూర్చుని ఉన్నాడు. మోచేతి మడతలో మచ్చ ఇంకా పసుపుపచ్చగా ఉంది. ఆమె ఆయన పక్కన కూర్చుంది.

"పెద్దాయనా, మీ నరాలు మంచివే. నా వేళ్లకు తెలియడం లేదు. తెలిసి కూడా మిమ్మల్ని గుచ్చాను."

ఆయన ఆ మచ్చ వైపు ఒకసారి, ఆమె చేతి వైపు ఒకసారి చూశాడు. కోపం రాలేదని అబద్ధం చెప్పలేదు. ఆ రోజే చెప్పి ఉంటే వేరే అమ్మాయితో తీయించుకునేవాణ్ణి కదా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఒక మనిషి తన నొప్పి దాచుకుంటే అది తనతోనే ఆగిపోదని, ఎవరో ఒకరి చర్మం కిందికి చేరుతుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

సాయంత్రం అందరూ భోజనాల బల్ల దగ్గర ఉండగా ఇంట్లో చెప్పింది. ఏదో కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. చెయ్యి మొద్దుబారిందని, ఆపరేషను చేస్తారని, ల్యాబులో కొన్నాళ్లు వేరే పని ఇస్తారని.

భర్త ముఖం పాలిపోయింది. నిజంగానే భయపడ్డాడు. భయంలో నోటికి అలవాటైన మాటే వచ్చింది. ఇక చాలు, రేపటి నుంచి అన్నీ మానేయ్ అన్నాడు. అత్తగారు కంటతడి పెట్టుకుని, ముందే మానేయమన్నాను కదమ్మా అంది.

"మానేయమంటారనే చెప్పలేదు" అంది ఆమె.

గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉంటే ఎవరైనా వాదించేవారు. భర్త అన్నంలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

అప్పుడు కూతురు కుర్చీ వెనక్కి జరిపింది. "నేనూ అందుకే చెప్పలేదు" అని, కుడికాలి మేజోడు మెల్లగా కిందికి లాగింది.

చీలమండ వాచి, బూటు అంచు ఒత్తుకున్నచోట కమిలి ఉంది. జట్టు రిలే పందెంలో చివరి పరుగు ఆ పిల్లదే. కాలు మడతపడి చాలా రోజులైందట. బడిలో తెలిస్తే జట్టులోంచి తీసేస్తారు, ఇంట్లో తెలిస్తే పరుగే మాన్పిస్తారు. అందుకని ఇంట్లో కూడా మేజోళ్లు.

తల్లి కింద కూర్చుని, అలవాటు కొద్దీ కుడిచెయ్యి ఆ వాపు మీద ఆనించింది. ఎన్నో వేల చేతులు చూసిన వేలు. దానికి ఏమీ తెలియలేదు. తన బిడ్డ కాలు మీద చెయ్యి వేసినా ఏమీ తెలియలేదు. ఎడమచెయ్యి పెట్టింది. కాలు కాలిపోతోంది. ఆ వేడి ఎడమచేతిలోంచి పైకెక్కి, ఇన్నాళ్లుగా ఖాళీగా ఉన్న చోటికి చేరింది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఎన్నాళ్ల తరవాతో వచ్చిన ఏడుపు.

"ఇలా దాచుకోవడం ఎవరు నేర్పారే నీకు?" అంది నానమ్మ, మందు కోసం లేస్తూ.

పిల్ల అమాయకంగా ఆవిడ వైపు చూసింది. "అమ్మ ఎప్పుడూ నొప్పి అనదు, అందుకే మంచిదని నువ్వే అందరికీ చెబుతావుగా నానమ్మా."

లేవబోయిన ఆవిడ మళ్లీ కూర్చుండిపోయింది.

ఆపరేషను అయ్యాక ఇల్లు ఇల్లులా లేదు. తువ్వాలు మీద డబ్బాలు ఒక వరుసలో, మూతలు ఇంకో వరుసలో పెట్టడం భర్త నేర్చుకున్నాడు గానీ, ఏ మూత దేనికో నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఒక గిన్నె మాడి పనికిరాకుండా పోయింది. అత్తగారు తన మాత్రలు తానే తీసుకుంటూ, ఈ అట్టలు తయారుచేసినవాడి వేళ్లు విరగ అని తిట్టేది. ఇబ్బంది వచ్చింది. అందరికీ వచ్చింది. కొంప ఏమీ మునగలేదు.

పోటీ రోజు ఆమె కట్టు కట్టిన చేత్తో టీచరమ్మ పడవలో కూర్చుంది. పోటీ మొదలవడానికి ముందు, గట్టు మీద టీచరమ్మను భర్త పలకరించాడు. చాలా రోజుల నుంచి లోపల నలుగుతున్న మాట బయటపెట్టాడు. "నేనెప్పుడూ వద్దనలేదు టీచరుగారూ. మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను. మరి నాకెందుకు చెప్పలేదో అర్థం కావడం లేదు."

టీచరమ్మ తెడ్డుకు పట్టిన నాచు తుడుస్తూనే జవాబిచ్చింది. "ఒప్పుకున్నారు బాబూ. నొప్పి పుట్టనంతవరకు ఒప్పుకున్నారు. మీరు ఆఫీసు నుంచి నడుం నొప్పితో వస్తే ఉద్యోగం మానేయమని ఎవరైనా అంటారా? అమృతాంజనం రాస్తారు. ఆమె నొప్పి అంటే మాత్రం ఆమెకు ఇష్టమైనది పోతుంది. అందుకని నొప్పిని మింగి, ఇష్టాన్ని దక్కించుకుంది. నొప్పి అనగానే వెనక్కి తీసుకునేదాన్ని ఇవ్వడం అనరు. అది అప్పు ఇచ్చినట్టు. ఎప్పుడు లాక్కుంటారో అని మనిషి బిగుసుకుపోయి బతుకుతుంది."

ఆయన చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి, సైకిలు హ్యాండిలు ముక్క ఎక్కడ మారుస్తారని అడిగాడు.

ఆ పోటీలో బ్యాంకు మేనేజరు ఎప్పటిలాగే సగంలో చెయ్యెత్తి, పడవ పట్టుకుని, ఆమె వైపు చూసి ఒక జోకు వేసి, మళ్లీ ఈదుకుంటూ వెళ్లి పోటీ పూర్తిచేశాడు. ఆయన అడిగినప్పుడల్లా పడవ వచ్చింది. ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఇంత తేలికైన పనిని తాను ఎందుకు చేయలేకపోయిందా అని ఆమె పడవలో కూర్చుని ఆలోచించింది.

చాలా నెలలకు ఆమె మళ్లీ చెరువులో దిగింది. బొటనవేలికీ నడిమివేలికీ స్పర్శ చాలావరకు వచ్చింది. చూపుడువేలి కొస ఇంకా సగం నిద్రలోనే ఉంది. ల్యాబులో ఎడమచేతి వేలితో వెతకడం శ్రద్ధగా నేర్చుకుంటోంది. పెద్దాయన ఇంకా వేరే అమ్మాయి దగ్గరికే వెళ్తున్నాడు. వెళ్తూ మాత్రం, వేలు ఎలా ఉంది తల్లీ అని అడుగుతాడు. గట్టు మీద భర్త, అత్తగారు, కాలికి పట్టీ వేసుకున్న కూతురు కూర్చున్నారు.

సగం దాటాక ఆమె మణికట్టు లాగింది. పెద్ద నొప్పేం కాదు. ఈదుకుంటూ పోవచ్చు. ఆమె ఒక్క క్షణం నీళ్ల మీద తేలుతూ ఆగింది. చెయ్యెత్తింది.

గట్టు మీద భర్త గాభరాగా లేచాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. అత్తగారు అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. పడవ వచ్చింది. ఆమె అంచు పట్టుకుని ఊపిరి తీసుకుంది. చూపుడువేలికి చెక్క గరుకుగా తగిలిందో, తగిలిందని అనిపించిందో ఆమె ఖాయంగా చెప్పలేకపోయింది. కాసేపటికి పడవ వదిలి అవతలి గట్టు వైపు ఈదడం మొదలుపెట్టింది.

పాఠకులారా, మీ ఇంట్లో కూడా ఎప్పుడూ నొప్పి అనని మనిషి ఒకరు ఉండే ఉంటారు. మెచ్చుకోకముందు ఒక్కసారి ఆ చెయ్యి పట్టుకుని చూడండి, ఏ నొప్పి చెప్పినా మానేయమని అననని మాటిచ్చి మరీ అడగండి.